పగటి పొడవు ఎందుకు మారుతుంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఎండాకాలంలో పొద్దు త్వరగా పొడిచి ఆలస్యంగా గుంకుతుంది, చలికాలంలో ఆలస్యంగా పొడిచి త్వరగా గుంకుతుంది. భూమి అక్షం వంగి ఉండటమే ఇందుకు కారణమని చిన్నప్పుడు చదువుకున్నాం. అయితే ఆ వంపు ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందని కూడా అదే పాఠం చెప్పింది. మారని వంపు, మారే పగటికి కారణం ఎలా అవుతుంది?

జవాబు: మీ సందేహం చాలా న్యాయమైనది. ‘అక్షం వంగి ఉంది కాబట్టి’ అన్నది సగం జవాబు మాత్రమే. చాలా పాఠాలు అక్కడితో ఆగిపోవడం వల్ల చదివినవాళ్లకు మాట గుర్తుండిపోతుంది గానీ విషయం పట్టుబడదు. భూమి అక్షం తన కక్ష్యాతలానికి నిట్టనిలువుగా ఉండకుండా 23.44 డిగ్రీలు ఒరిగి ఉంది. ఈ ఒరుగు ఎంత ముఖ్యమో, భూమి సూర్యుడి చుట్టూ ఏడాదంతా తిరుగుతున్నా అక్షం మాత్రం ఆకాశంలో ఒకే దిక్కును, అంటే ఉత్తరపు కొస ధ్రువ నక్షత్రం వైపును, చూపుతూ ఉండటం కూడా అంతే ముఖ్యం. మీరు అడిగిన మార్పు ఈ రెండో సంగతిలోంచే పుడుతోంది.

ముందుగా పగలు అంటే ఏమిటో చూద్దాం. సూర్యకాంతి ఏ క్షణంలోనైనా భూగోళంలో సగం మీదే పడుతుంది, తక్కిన సగం చీకట్లో ఉంటుంది. ఈ రెండు సగాలనూ విడదీస్తూ భూమిని చుట్టివచ్చే గీతను ప్రకాశవృత్తం అంటారు. ఇక భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగేలోగా దాని మీద ఉన్న ప్రతి చోటూ అక్షం చుట్టూ ఒక వలయం చుట్టివస్తుంది. పటాల్లో అక్షాంశ వలయాలుగా గీసేవి ఇవే. ఆ వలయంలో ఎంత భాగం వెలుగులో ఉంటే ఆ చోట అంతసేపు పగలు, ఎంత భాగం చీకట్లో ఉంటే అంతసేపు రాత్రి. పగటి పొడవుకు సంబంధించిన లెక్క అంతా ఈ ఒక్క మాటలోనే ఉంది కాబట్టి, దీన్ని కళ్లారా చూడటం అవసరం.

ఒక రబ్బరు బంతి తీసుకుని దాని నడిమధ్య నుంచి అల్లిక సూది గుచ్చండి. బంతి నడుముకూ సూది బయటికి వచ్చిన పైకొసకూ సగం దూరంలో సూది చుట్టూ సిరాతో ఒక వలయం గీయండి. చీకటి గదిలో బల్ల మధ్య కప్పు లేని దీపం ఒకటి పెట్టి, బంతిని దీపం ఎత్తులోనే పట్టుకుని, సూదిని కిటికీ ఉన్న గోడ వైపు కొంచెం ఒరిగేట్లు ఉంచండి. గడియారంలో ముల్లు పన్నెండు మీద నుంచి ఒంటిగంట మీదికి జరిగితే 30 డిగ్రీలు అవుతుంది, మీకు కావలసిన వంపు అంతకన్నా కాస్త తక్కువ. ఇప్పుడు సూది పైకొస ఎప్పుడూ ఆ గోడ వైపే ఒరిగి ఉండేట్లు జాగ్రత్తపడుతూ బల్ల చుట్టూ నెమ్మదిగా నడవండి. ఈ ప్రయోగం పిల్లలతో చేయించినప్పుడల్లా నేను గమనించింది ఏమిటంటే, దాదాపు అందరూ తాము తిరిగేకొద్దీ సూదిని కూడా తిప్పేస్తారు, అది ఎప్పుడూ దీపం వైపే ఒరిగి ఉండేట్లు చూస్తారు. భూమి అలా తిరిగి ఉంటే ఒక్కో చోట పగటి పొడవు ఏడాదంతా ఒకేలా ఉండేది, రుతువులు అనేవే ఉండేవి కావు. సూదిని గోడ వైపే నిలపడం నేర్చుకున్న క్షణంలో పిల్లలకు అసలు విషయం అర్థమవుతుంది.

దీపానికి ఆవలి పక్కన గోడ ఉండేట్లు మీరు నిలబడినప్పుడు సూది పైకొస దీపం వైపు ఒరుగుతుంది. అప్పుడు సిరా వలయాన్ని చూడండి, అందులో ఎక్కువ భాగం వెలుగులో, తక్కువ భాగం నీడలో కనిపిస్తుంది. ఉత్తరార్ధగోళానికి అది జూన్ నెల. అక్కడి నుంచి బల్లకు రెండో వైపుకు వెళితే అదే సూది, అదే వంపుతో, దీపానికి ఎడంగా ఒరిగి ఉంటుంది, వలయంలో ఎక్కువ భాగం చీకట్లోకి పోతుంది. అది డిసెంబరు. ఈ రెండింటికీ నడుమ ఉన్న రెండు చోట్ల సూది దీపం వైపుకు గానీ ఎడంగా గానీ కాక పక్కకు ఒరిగి ఉంటుంది, వలయం వెలుగుకూ చీకటికీ సమానంగా పంచుకుపోతుంది. మార్చిలోనూ సెప్టెంబరులోనూ వచ్చే విషువత్తులు ఇవే. వంపు ఎక్కడా మారలేదు, వంపుతో పోలిస్తే దీపం ఉన్న దిక్కు మారింది. బంతి నడుము మీద కూడా ఒక వలయం గీసి చూస్తే, అది ఏ స్థానంలోనైనా సరిగ్గా సగానికే చీలుతుంది. భూమధ్యరేఖ మీద ఏడాదంతా పగలూ రాత్రీ సమానంగా ఉండటానికి కారణం అదే.

ఇక అంకెలు. పూర్తి వలయం 360 డిగ్రీలు, దాన్ని చుట్టిరావడానికి 24 గంటలు, అంటే గంటకు 15 డిగ్రీలు. ఉత్తర అక్షాంశం 40 డిగ్రీల దగ్గర జూన్ అయనాంతం నాడు, అంటే ఏడాదిలో అతి పొడవైన పగలు ఉండే రోజున, వలయంలో దాదాపు 223 డిగ్రీలు వెలుగులో ఉంటాయి, దాన్ని 15తో భాగిస్తే 14 గంటల 51 నిమిషాలు వస్తుంది. డిసెంబరులో ఈ వాటాలు తారుమారై పగటికి 9 గంటల 9 నిమిషాలే మిగులుతాయి. 20 డిగ్రీల దగ్గర తేడా అంత తీవ్రంగా ఉండదు, అక్కడ అతి పొడవైన పగలు 13 గంటల 13 నిమిషాలు, అతి చిన్నది 10 గంటల 47 నిమిషాలు. 60 డిగ్రీల దగ్గరకు పోతే 18 గంటల 29 నిమిషాలు ఒకవైపు, 5 గంటల 31 నిమిషాలు మరోవైపు. దక్షిణార్ధగోళంలో ఇవే అంకెలు నెలలు తిరగబడి వస్తాయి.

ఈ మార్పు ఏడాదంతా ఒకే వేగంతో జరగదన్నది చాలామంది గమనించని సంగతి. నేను ఒకసారి ఏడాది పాటు ఒకే కుర్చీలో ఒకే తీరుగా కూర్చుని, వారానికొక ఉదయం పొద్దు పొడిచిన చోటును తూర్పు కిటికీ చట్రం మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకున్నాను. మార్చిలో ఒక గుర్తుకూ మరుసటి వారపు గుర్తుకూ మధ్య స్పష్టమైన ఎడం ఉండేది. జూన్ మూడో వారం వచ్చేసరికి గుర్తులు ఒకదానిపై ఒకటి పడి సుద్దమరకగా మారిపోయాయి. అయనం అంటే నడక, అయనాంతం అంటే ఆ నడక ముగిసే చోటు. ఈ మాట ఎంత సరైనదో ఆ మరకను చూశాకే నాకు తెలిసింది. పగటి పొడవు కూడా ఇదే తీరున నడుస్తుంది. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర మార్చి విషువత్తు ప్రాంతంలో పది రోజుల్లో పగలు సుమారు 26 నిమిషాలు పెరిగితే, జూన్ అయనాంతం తరువాత మొదటి పది రోజుల్లో తగ్గేది దాదాపు మూడు నిమిషాలే. మీరు కూడా గుర్తులు పెట్టి చూడాలనుకుంటే, చాచిన చేతికి బిగించిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలని గుర్తుంచుకోండి. 20 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ ఉదయపు సూర్యుడికీ డిసెంబరు ఉదయపు సూర్యుడికీ మధ్య దిగంతం మీద అయిదు పిడికిళ్ల దూరం ఉంటుంది.

ప్రశ్న: భూమి కక్ష్య దీర్ఘవృత్తం కదా. సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు ఎండాకాలమూ పొడవైన పగళ్లూ వస్తాయని చెప్పుకోవచ్చా?

జవాబు: చెప్పుకోకూడదు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, అప్పుడు దూరం సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. అతి దూరంగా ఉండేది జులై మొదటి వారంలో, అప్పుడు సుమారు 15 కోట్ల 21 లక్షలు. ఉత్తరార్ధగోళంలో చలికాలమూ చిన్న పగళ్లూ ఉన్నప్పుడే భూమి సూర్యుడికి దగ్గరగా ఉందన్నమాట. పైగా దూరమే కారణమైతే రెండు అర్ధగోళాల్లోనూ ఒకేసారి వేసవి రావాలి, అలా ఎన్నడూ జరగదు. వేసవి వేడికి కారణాలు రెండు, పగలు పొడవుగా ఉండటం, సూర్యుడు నడినెత్తికి చేరువగా రావడం వల్ల కిరణాలు ఏటవాలుగా కాకుండా సూటిగా పడటం. రెండూ ఆ ఒరుగు నుంచి వచ్చేవే.

అయినా దూరంలోని తేడా పూర్తిగా నిష్ప్రయోజనం కాదు. భూమి సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగానూ దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగానూ నడుస్తుంది కాబట్టి, మార్చి విషువత్తు నుంచి సెప్టెంబరు విషువత్తుకు చేరడానికి సుమారు 186 రోజులు పడితే, అక్కడి నుంచి తిరిగి మార్చికి రావడానికి 179 రోజులే పడుతుంది. ఉత్తరార్ధగోళానికి పొడవైన పగళ్ల కాలం దక్షిణార్ధగోళానికి ఉన్నదానికన్నా ఒక వారం ఎక్కువ. రుతువుల నిడివిలో ఉన్న ఈ అసమానతను క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలోనే గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ కొలిచి, వసంతానికి తొంభై నాలుగున్నర రోజులు, వేసవికి తొంభై రెండున్నర రోజులు అని లెక్కగట్టాడు. దూరదర్శిని లేని కాలంలో, నీడలూ వలయాలూ తప్ప మరో సాధనం లేకుండా అంత దగ్గరగా కొలవగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. గ్రహాల వేగం ఎలా మారుతుందో చెప్పే నియమం 1609లో జర్మన్ ఖగోళవేత్త యోహానెస్ కెప్లర్ ప్రకటించేదాకా దానికి సరైన వివరణ రాలేదు.

ప్రశ్న: విషువత్తు నాడు పగలూ రాత్రీ సమానమంటారు. కానీ క్యాలెండరులో ఆనాటి సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల మధ్య తేడా తీస్తే పన్నెండు గంటలకు మించి వస్తోంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: క్యాలెండరు లెక్కా తప్పు కాదు, విషువత్తు నిర్వచనమూ తప్పు కాదు, రెండూ వేర్వేరు విషయాలను చెబుతున్నాయి. పైన బంతితో చేసిన లెక్కలో సూర్యుడిని ఒక బిందువుగానూ, భూమిని గాలి పొర లేని గోళంగానూ అనుకున్నాం. నిజానికి సూర్యబింబానికి వెడల్పు ఉంది, భూమికి గాలి ఉంది. సూర్యోదయం అంటే బింబం నడిబిందువు దిగంతాన్ని తాకిన క్షణం కాదు, దాని పై అంచు మొదట కనిపించిన క్షణం. సూర్యాస్తమయం కూడా పై అంచు కనుమరుగైన క్షణమే. అంచుకూ నడిబిందువుకూ మధ్య దూరం సుమారు 16 కళలు, ఒక డిగ్రీలో 60 కళలు ఉంటాయి.

రెండో కారణం మరింత ఆసక్తికరమైనది. దిగంతం దగ్గరి నుంచి వచ్చే కాంతి గాలి పొరల్లో వంగి మన కంటికి చేరుతుంది, ఈ వక్రీభవనం వల్ల సూర్యుడు ఉన్న చోటు కన్నా సుమారు 34 కళలు పైకి కనిపిస్తాడు. సూర్యబింబం వెడల్పు కూడా దాదాపు అంతే కాబట్టి, సముద్రం మీద అస్తమిస్తున్న సూర్యుడి కింది అంచు నీటిని తాకుతున్నట్టు మీకు కనిపిస్తున్న క్షణానికి, గాలి లేకపోతే సూర్యుడు మొత్తంగా నీటి కిందికి దిగిపోయి ఉండేవాడు. మనం చూస్తున్నది వంగి వచ్చిన వెలుగును. ఈ రెండూ కలిపితే 50 కళలు, భూమధ్యరేఖ దగ్గర దానికి ఉదయం మూడు నిమిషాల 20 సెకన్లు, సాయంత్రం మరో మూడు నిమిషాల 20 సెకన్లు, అంటే రోజుకు దాదాపు ఏడు నిమిషాల అదనపు పగలు. భూమధ్యరేఖ మీద కూడా పగలు పన్నెండు గంటలు కాక పన్నెండు గంటల ఏడు నిమిషాలు ఉండటం ఇందువల్లనే. అక్షాంశం పెరిగేకొద్దీ సూర్యుడు దిగంతం మీదికి ఏటవాలుగా దిగుతాడు కాబట్టి ఆ 50 కళలు దాటడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. 40 డిగ్రీల దగ్గర జూన్ పగలు 14 గంటల 51 నిమిషాలని పైన లెక్కగట్టినా, క్యాలెండరులో 15 గంటలకు కాస్త పైగానే కనిపిస్తుంది.

ప్రశ్న: డిసెంబరు 21 లేదా 22న అతి చిన్న పగలు అంటారు. అయితే ఉత్తరార్ధగోళంలో ఉన్న మాకు సాయంత్రాలు అంతకుముందే పొడవు కావడం మొదలవుతుంది, ఉదయాలు మాత్రం జనవరిలో కూడా ఆలస్యమవుతూనే ఉంటాయి. ఇది నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు, మీరు చాలా శ్రద్ధగా గమనించారు. ఉత్తర అక్షాంశం 40 డిగ్రీల దగ్గర అతి త్వరగా పొద్దు గుంకేది డిసెంబరు 7, 8 తేదీల ప్రాంతంలో, అతి ఆలస్యంగా పొద్దు పొడిచేది జనవరి మొదటి వారంలో. 20 డిగ్రీల దగ్గర ఎడం ఇంకా ఎక్కువ, సూర్యాస్తమయం నవంబరు నాలుగో వారంలోనే ఆలస్యం కావడం మొదలైతే సూర్యోదయం జనవరి మూడో వారం దాకా ఆలస్యమవుతూనే ఉంటుంది. అతి చిన్న పగలు మాత్రం అయనాంతం నాటిదే.

చిక్కు పగటి పొడవులో లేదు, మన గడియారంలో ఉంది. సూర్యుడు ఆకాశంలో అత్యంత ఎత్తున ఉండే క్షణాన్ని నడిమధ్యాహ్నం అనుకుందాం. ఒక నడిమధ్యాహ్నం నుంచి మరునాటి నడిమధ్యాహ్నానికి సరిగ్గా 24 గంటలు పడుతుందని అందరూ అనుకుంటారు, నిజానికి 24 గంటలన్నది ఏడాది మొత్తానికి తీసిన సగటు మాత్రమే. డిసెంబరు చివరిలో ఆ వ్యవధి 24 గంటల 30 సెకన్లు. భూమి ఒక చుట్టు పూర్తిచేసేలోగా కక్ష్యలో కొంత ముందుకు జరుగుతుంది కాబట్టి, తిరిగి సూర్యుడికి ఎదురుగా రావడానికి ఇంకొంచెం తిరగాలి. డిసెంబరు, జనవరిల్లో భూమి వేగంగా నడుస్తోంది కనుక ఈ అదనపు తిరుగుడు ఎక్కువ. దీనికి తోడు అక్షం ఒరుగు వల్ల అయనాంతాల సమయంలో, నక్షత్రాల నడుమ సూర్యుడు రోజురోజుకూ తూర్పుకు జరుగుతున్నట్టు కనిపించే కదలిక మరికొంత పెద్దదిగా లెక్కకు వస్తుంది. రెండూ ఒకే వైపు లాగడంతో గడియారం ప్రకారం నడిమధ్యాహ్నం రోజుకు అర నిమిషం చొప్పున వెనక్కి జారుతుంది, అంటే ఆలస్యమవుతుంది.

పగలు నడిమధ్యాహ్నానికి అటూ ఇటూ సమానంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి, నడిమధ్యాహ్నం జారితే ఉదయమూ సాయంత్రమూ దానితోపాటే జారతాయి. డిసెంబరు రెండో వారంలో పగలు ఇంకా తగ్గుతూనే ఉన్నా, ఆ తగ్గుదల చాలా చిన్నదైపోయి ఉంటుంది. సాయంత్రం వైపు దాన్ని నడిమధ్యాహ్నపు జారుడు మించిపోతుంది, సూర్యాస్తమయం ఆలస్యం కావడం మొదలవుతుంది. ఉదయం వైపు ఆ రెండూ కలిసి ఒకే దిక్కుకు నెడతాయి. అయనాంతం దాటాక పగలు పెరుగుతున్నా, పెరుగుదల జారుడును అందుకునేదాకా సూర్యోదయం వెనక్కే పోతుంది. తక్కువ అక్షాంశాల్లో పగటి పొడవు మార్పు చిన్నది కనుక అందుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, అందుకే అక్కడ ఎడం పెద్దది. నవంబరు మొదట్లో గడియారం కన్నా 16 నిమిషాలు ముందుండే నడిమధ్యాహ్నం ఫిబ్రవరి రెండో వారానికి 14 నిమిషాలు వెనకబడుతుంది, వంద రోజుల్లో అరగంట తేడా. జూన్‌లో కూడా ఇదే జరుగుతుంది గానీ, భూమి అప్పుడు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి జారుడు రోజుకు 13 సెకన్లే ఉంటుంది, అంతగా తెలియదు.

ప్రశ్న: ధ్రువాల దగ్గర ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అన్నది నిజమేనా?

జవాబు: సరిగ్గా ధ్రువ బిందువు దగ్గర నిజమే. అక్కడి వలయం ఒక చుక్కగా కుదించుకుపోతుంది, చుక్క సగం వెలుగులో సగం చీకట్లో ఉండలేదు కాబట్టి మొత్తం వెలుగులోనో మొత్తం చీకట్లోనో ఉంటుంది. ధ్రువం నుంచి కిందికి, దాదాపు ఆరవై ఆరున్నర డిగ్రీల వలయం దాకా, ఏడాదిలో కొన్నాళ్లు వలయం పూర్తిగా వెలుగులో పడుతుంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 78 డిగ్రీల దగ్గర ఉన్న లాంగియర్‌బ్యెన్ పట్టణంలో ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు నాలుగో వారం దాకా సూర్యుడు అస్తమించడు. ఏడాది మొత్తం మీద లెక్కిస్తే ధ్రువానికీ భూమధ్యరేఖకూ దక్కే పగటి గంటలు దాదాపు సమానం, ఒక్కో చోటికీ సుమారు 4,400. పంపకంలోనే తేడా.

ప్రశ్న: అక్షం ఒరుగు ఎప్పటికీ ఇంతేనా?

జవాబు: ఒక ఏడాదిలో మారనట్టే లెక్క, వేల ఏళ్లలో మారుతుంది. సుమారు 41,000 ఏళ్ల ఆవృత్తిలో అది 22.1 డిగ్రీలకూ 24.5 డిగ్రీలకూ మధ్య ఊగుతుంది, ప్రస్తుతం తగ్గుతోంది. ఆ తగ్గుదల కారణంగా కర్కటరేఖ ఏటా పద్నాలుగున్నర మీటర్లు దక్షిణానికి, ఆర్కిటిక్ వలయం అంతే దూరం ఉత్తరానికి జరుగుతున్నాయి. 40 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ అయనాంతపు పగలు ఈ లెక్కన నూరేళ్లకు దాదాపు 7 సెకన్లు తరుగుతుంది.